మూడు గడుల్లో ఏదో ఒకటి

మూడు చిన్న గడులున్నాయి, ఒకదానిలో గీత పెడితే చాలు, మిగతాదంతా నేను చూసుకుంటానన్నాడు గుమాస్తా. కలం చేతికిచ్చి, అయ్యాక పిలవండి మిస్ దేవప్పా అని మళ్లీ అద్దం వెనక్కి వెళ్లిపోయాడు. దేవప్ప నాయన పేరు. పెద్దేముల్ చుట్టూ గొర్ల మంద వెనక నడిచి నడిచి కాళ్లు వంకరపోయిన నాయనను, పోయిన నాలుగేళ్లకు, ఈ దేశంలో అందరూ మిస్ అని పిలుస్తుంటే మొదట్లో బుగ్గమ్మకు నవ్వొచ్చేది. పాస్‌పోర్టుకు రెండు పేర్లు కావాలన్నారని, ఉన్న ఒక్క పేరు పక్కన నాయన పేరు తగిలించారు. ఇవాళ నవ్వు రాలేదు. లీడ్స్ ఊళ్లో, ఒక బ్యాంకులో, గోడవార బెంచీ మీద కోటు విప్పకుండా కూర్చుని ఉంది. పంతొమ్మిది వందల అరవై ఒకటి, ఫిబ్రవరి. గడియారంలో పన్నెండున్నర. రెండింటికి వార్డులో ఉండాలి. పేరు రాసింది. పుట్టిన తేదీ రాసింది, అది పుట్టిన తేదీ కాదు, బడిలో వేసిన రోజు కంపౌండరు యోబు సారు ఆలోచించి ఆలోచించి వేసిన తేదీ. వృత్తి దగ్గర నర్సు విద్యార్థిని అని రాసింది. చిరునామా దగ్గర ఆస్పత్రి హాస్టలు పేరు రాసింది. ఆ కింది వరసలో చెయ్యి ఆగింది. అవివాహిత, వివాహిత, వితంతువు. నిన్న మధ్యాహ్నం ఈ ఫారం ఇచ్చి ఉంటే చూడకుండానే మొదటి గడిలో గీత పెట్టేది. అబద్ధమే అయినా అలవాటైన అబద్ధం. నిన్న సాయంత్రం ఉత్తరం వచ్చింది.

ఉత్తరం కోటు జేబులో ఉంది. నీలం రంగు ఎయిర్ లెటర్, చేతిరాత యోబు సారుది, మాటలు అన్నవి. అన్న బిచ్చయ్యకు చదువు రాదు. అతను ఎట్లా చెబితే అట్లా, ఒక్క ముక్క దిద్దకుండా రాస్తాడు సారు. చెల్లె బుగ్గమ్మకు నీ అన్న రాయించేది, ఇక్కడ అందరం మంచిగున్నం, జర గుండె గట్టి చేసుకొని చదువు. దోమ బావ లేడు. తాండూరు గనిల బండలు తీస్తుంటే పైకెల్లి ఒక పెద్ద బండ జారి మీద పడ్డది. పాణం జప్పున పోయింది, బాధ పడలే అని పక్కన పనిచేసేటోళ్లు చెప్పిన్రు. దినాలు అయినయి. నీకు చెప్పుడా వద్దా అని మస్తు పరేషాన్ అయినం, పరదేశంల ఒక్కదానివి ఏం జేస్తవు. సారు చెప్పాలె అన్నడు. నువ్వు ఫికర్ జెయ్యకు, చదువు ఇడవకు. అత్త నిన్నేమన్లే. అంతే. చివరి మాట దగ్గరే కళ్లు మళ్లీ మళ్లీ ఆగుతున్నాయి. అత్త ఏమీ అనలేదట. తిట్టి ఉంటే బాగుండేది. ఆ ముసలామె దోమ ఊళ్లో గుడిసె ముందు కూర్చుని, చదువులకని పోయింది, నా కొడుకును ఇట్ల జేసింది అని నెత్తి కొట్టుకుని ఉంటే, ఆ తిట్టు పట్టుకుని ఇక్కడ ఏడవడానికి వీలయ్యేది. గదిలో ఉండే ఐర్లండు అమ్మాయి, చెడ్డ వార్తా అని అడిగింది. ఊళ్లో ఒకరు పోయారంది. మీ ఇంటివాళ్లా? కాదు అంది. అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆ మాట. అని, పడుకుంది, నిద్ర కూడా పట్టింది. పొద్దున లేచి తల దువ్వుకుంటుంటే గుర్తొచ్చింది, పట్టిందని.

పొద్దున నర్సుల పెద్ద మేట్రన్ పిలిచి చెక్కు చేతిలో పెట్టింది. లండన్‌లో ఒక సంఘం ఉంది, దూరదేశాల నుంచి వచ్చిన పెళ్లికాని అమ్మాయిల చదువుకు సాయం చేస్తుంది. అది పంపిన పరీక్ష ఫీజు. చెక్కు మీద అడ్డంగా రెండు గీతలున్నాయి, అలా ఉంటే ఎవరూ చేతికి డబ్బివ్వరట, బ్యాంకులో సొంత ఖాతా ఉంటేనే అందులో పడుతుంది. ఫీజుకు రేపు ఆఖరు. రేపు కట్టకపోతే ఈ ఏడాది పరీక్ష లేదు, పరీక్ష లేకపోతే సంఘం సాయం ఆగిపోతుంది. నిన్ను నమ్మి నీ నడవడికి పూచీగా ఉత్తరం రాసిచ్చాను, పరుగెత్తు, రెండింటికల్లా రా అంది మేట్రన్. పరుగెత్తే వచ్చింది. రోడ్డు దాటేటప్పుడు, బస్సెక్కేటప్పుడు, బ్యాంకు తలుపు బరువుకు భుజం ఆనించి తోసేటప్పుడు కూడా ఏ ఆలోచనా లేదు. లోపలికొచ్చి తల వంచి చూస్తే కాళ్ల కింద నున్నటి బూడిద రంగు బండలు, అంచుకు అంచు కలిపి పరిచినవి. ఇవి తాండూరువి కావు, ఈ దేశంలోనే ఎక్కడో తీసినవి, తెలుసు. అయినా అడుగు వెయ్యలేక తలుపు దగ్గరే నిలబడిపోయింది. వెనక వచ్చిన పెద్దమనిషి ఎక్స్‌క్యూజ్ మీ అని పక్కనుంచి తప్పుకుపోయాడు.

వివాహిత. అయిందా పెళ్లి? అయింది. రజాకార్లు ఊళ్ల మీద పడుతున్న ఏడాది, ఎండాకాలం. మెడలో పుస్తె ఉన్న పిల్లను ముట్టరని ఎవరో చెప్పారు. నిజమో కాదో ఎవరికీ తెలియదు, కానీ ఆ ఎండాకాలంలో పాలపళ్లు ఊడని పిల్లలకు కూడా పెళ్లిళ్లు చేశారు. ఊరి బయట గొర్ల దొడ్డిలో, తెల్లారకముందే, డోలు కొట్టకుండా, గట్టిగా మాట్లాడకుండా. తనకు ఎనిమిదేళ్లు. నిద్రకళ్లతో ఉంటే అమ్మ ఎత్తుకొచ్చి పీట మీద కుదేసింది. ఎదురుగా దోమ నుంచి వచ్చిన పిల్లగాడు, పదమూడేళ్లుంటాయి, కొత్త రుమాలు తల మీద నిలవక కళ్ల మీదికి జారుతోంది. తలంబ్రాల బియ్యం ఉన్న తట్టలోకి ఒక గొర్రెపిల్ల మూతి పెట్టబోయింది. అతను దాన్ని మెల్లగా పక్కకు నెట్టి, పెద్దవాళ్లు చూడకుండా గుప్పెడు బియ్యం తీసి దాని ముందు పోశాడు. తను కిసుక్కున నవ్వింది. అమ్మ తొడ మీద గిచ్చింది. పెళ్లంటే గుర్తున్నది అదే, బియ్యం నములుతున్న గొర్రెపిల్ల, తొడ మీద మంట. తెల్లారేసరికి వాళ్లు దోమ దారి పట్టారు. రజాకార్ల భయం పోయాక పుస్తె అమ్మ విప్పి మూటగట్టి దాచింది, కాపురానికి పొయ్యేనాడు ఏసుకుందువులే అంది. ఇంకో మాట కూడా చెప్పింది, ఆనాటి నుంచి ఆయన పేరు నోట అనొద్దు, ఆలి నోట పేరొస్తే మొగోని ఆయుష్షు తరుగుతది అని. తను అనలేదు. ఇంట్లో అంటే దోమాయన, తనలో తను అనుకున్నా అంతే. ఒక్కసారి, చిన్నప్పుడు, బావి దగ్గర ఎవరూ లేనప్పుడు పెదవుల దాకా వచ్చిన పేరును రెండు చేతులతో నోరు మూసుకుని మింగేసింది. పదమూడేళ్లు అనలేదు. అనకపోతే ఏమైంది?

ఏమైనా ఇబ్బందా అని అద్దం వెనక నుంచి గుమాస్తా తల ఎత్తాడు. నలభై ఐదు దాటి ఉంటాయి, సన్నటి మీసం, చొక్కా చేతులకు సిరా అంటకుండా నల్లటి తొడుగులు. లేదండీ అంది. తొందరేం లేదు, అతను నవ్వాడు. మంచివాడిలా ఉన్నాడు. మంచివాడు కాకపోతే ఎంత తేలికగా ఉండేది.

ఆ వాన కాలం చివర్లో మిలిటరీ లారీలు తాండూరు రోడ్డు మీదుగా పోయాయి, రజాకార్లు పోయారు, భయం పోయింది. భయం కోసం చేసిన పెళ్లి మాత్రం ఉండిపోయింది. తర్వాత అమ్మకు దగ్గు. మంద అన్నకప్పగించి నాయన అమ్మను బండిలో వేసి అనంతగిరి కొండ మీది క్షయ దవాఖానకు తీసుకుపోయాడు, కొంగు వదలని తను కూడా బండిలోనే. కొండ మీద చల్లగా ఉండేది, పొద్దున్నే పొగమంచు మంచాల మధ్యకు వచ్చేది. కొండ మీది నీటి బుగ్గను చూపించి, బుగ్గ పేరు పెట్టుకున్నవు, బుగ్గకే వచ్చినవు బిడ్డా అనేవాడు అక్కడికి మందులు పట్టుకొచ్చే కంపౌండరు యోబు. అమ్మ కాశమ్మ అక్కడ ఏడాదిన్నర బతికింది. పోయాక, మందతో తిరిగే ఇంట్లో ఈ పిల్ల ఏం చదువుతుంది, నా దగ్గర ఉంచండని వికారాబాదులో తను పనిచేసే చిన్న దవాఖాన పక్కన బడిలో వేశాడు యోబు సారు. నాయన వద్దనలేదు. పెండ్లయిన పిల్ల, ఈడొచ్చినంక దోమకు తోలాలె, గంతదాంక సదువనియ్యి అన్నాడు. ఈడొచ్చింది. ఎవరూ దోమ మాట ఎత్తలేదు. తను అసలే ఎత్తలేదు. పుస్తె ఏమైందో, అమ్మ దినాలకు అన్న అమ్మాడో, ఇంకా ఆ మూటలోనే ఉందో ఎప్పుడూ అడగలేదు. అడిగితే గుర్తు చేసినట్టవుతుందని.

అతనే వచ్చాడు. తనకు పదహారో పదిహేడో, ఆ వికారాబాదు దవాఖానలోనే నర్సు చదువులో మొదటి ఏడాది. ఎవరిని అడగాలో తెలియక రోగుల వరసలో నిలబడి చీటీ తీసుకున్నాడు. మూడు గంటలు ఆ వరసలో జరిగి జరిగి యోబు సారు ముందుకొచ్చాడు. ఏమైంది నీకు అని సారు అడిగితే, ఏం గాలే సారూ, బుగ్గమ్మ కోసం వచ్చిన అన్నాడట. సారు లోపలికొచ్చి, దోమ నుంచి మనిషొచ్చిండు అంటే తను దుప్పట్లు మడతపెట్టే గదిలోకి పోయి తలుపు వేసుకుంది. ఎంత సేపో. మడతపెట్టిన దుప్పట్లే విప్పి మళ్లీ మడతపెట్టింది. బయటికొచ్చేసరికి అతను మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, పక్కన చుట్టిన నల్ల గొంగడి. పొడుగయ్యాడు. ముఖంలో ఆ పిల్లగాడు ఎక్కడైనా ఉన్నాడేమోనని వెతికి, చూపు దించుకుంది.

"మంచిగున్నవా?" అన్నాడు.

"ఊఁ."

"మా అమ్మ నిన్ను తోల్కరమ్మన్నది."

"నాకింక రెండేండ్ల చదువున్నది."

"రెండేండ్లా?" కాసేపు నేల వంక చూశాడు. కోపం వస్తుందేమోనని ఆమె గోడకు ఆనుకుని ఎదురుచూసింది. "సరే మరి, చదువుకో. రెండేండ్లకు వస్త. గిది వెట్టుకో. చలికాలం గదా. మా గొర్ల ఉన్నే, మా అమ్మ వడికింది."

అంతే మాట్లాడుకున్నది. జన్మలో ఇద్దరి మధ్యా జరిగిన మాటలు అవే. లెక్కపెడితే ఈ ఫారం మీది ప్రశ్నలంత కూడా ఉండవు. భోజనం చేసి పొమ్మని అడగాలని అప్పుడు తోచలేదు. దోమ దాకా నడిచే పోయి ఉంటాడు. ఆ మరుసటేడు వాళ్ల మందకు రోగమొచ్చింది, పది రోజుల్లో దొడ్డి ఖాళీ అయింది. గొర్లు లేని కురుమోడు ఏం చేస్తాడు, తాండూరు గనిలో కూలికి చేరాడు. రెండేళ్లకు రాలేదు. అన్నతో కబురు పంపాడు, ఇప్పుడు గనికాడ కొట్టంల ఉంటున్న, గండ్ల ఆడమనిషిని ఎట్ల వెట్టుకుంట, జర ఇల్లు ఏసుకున్నంక వస్త అని. ఆ మాట విని తనకు కలిగింది బాధ కాదు. ఊపిరి ఆడింది. కులపెద్దలు రెండుసార్లు కూర్చున్నారట, ఈ పిల్ల రాదు, తెగదెంపులు చేసి నీకు వేరే సంబంధం చూస్తామన్నారట. ఆమె రానని అన్లే గదా అన్నాడట. అవును, రానని అనలేదు. వస్తానని కూడా అనలేదు. ఏదీ అనకుండా ఉండటం ఎంత సులువు. అట్లా ఏదీ అనకుండా ఒక మనిషి వయసంతా ఒడిసిపోవచ్చు.

ఇంగ్లండు కాగితాలు వచ్చినప్పుడు కూడా అంతే. యోబు సారు బల్ల మీద పాస్‌పోర్టు దరఖాస్తు పెట్టుకుని కళ్లజోడు పైకెత్తి అడిగాడు. "పెండ్లి సంగతి ఏం రాయాలె బిడ్డా? అయిందని రాస్తే ఆ సంఘపోళ్లు పైసలియ్యరు. పెండ్లి గానోళ్లకే ఇస్తరు." తను కిటికీ వంక చూసి, మీ ఇష్టం సారూ అంది. "నా ఇష్టం గాదు, నీ ఇష్టం." కాలిబొటనవేలితో నేల గీరుతూ చాలాసేపు నిలబడి, అయితే రాయకుండ్రి అంది. రెండే మాటలు. ఎవరూ బలవంతం చేయలేదు. ఎవరైనా బలవంతం చేశారని చెప్పుకోవడానికి కూడా లేదు.

గడియారం ఒంటిగంట కావస్తోంది. ఎవరో గొడుగు దులుపుకుంటూ వచ్చారు, నీళ్లు బండల మీద చుక్కలుగా పడ్డాయి. బొంబాయిలో ఓడ ఎక్కాలి, వికారాబాదులో రైలెక్కింది, యోబు సారూ అన్నా స్టేషనుకొచ్చి పంపారు. ఆ రైలు తాండూరు మీదుగానే పోతుంది. తెలుసు. తెలిసి కూడా ఆడవాళ్ల పెట్టెలో లోపలి పక్క కూర్చుంది. తాండూరులో రైలాగింది, అటునుంచి కన్నడం మాట్లాడే ఆడవాళ్లు ఇద్దరు బుట్టలతో ఎక్కారు, వాళ్ల వెనక ప్లాట్‌ఫారం మీద అతను. అన్న కబురు పంపి ఉంటాడు, గనిలోంచి నేరుగా వచ్చినట్టున్నాడు, తల నుంచి పాదాల దాకా రాతిపొడి, కనురెప్పలు కూడా తెల్లగా, ముసలివాడిలా. ఒక్కో కిటికీలోకి వంగి చూస్తున్నాడు. ఆడవాళ్ల పెట్టె దగ్గరికొచ్చేసరికి సిగ్గుపడి చూపు తిప్పుకుని, ముందుకు పోయి, అక్కడెవరినో అడుగుతున్నాడు, వికారాబాదు నర్సమ్మ గిట్ల ఉన్నదా అని. నాలుగు బారల దూరంలో వీపు కనబడుతోంది. చొక్కా వీపున చిరిగి ఉంది. పిలవాలి. ఏమని పిలవాలి? పేరు అనకూడదు. ఓయ్ అనడానికి నోరు రాలేదు. చెయ్యి చాపొచ్చు. కిటికీ చువ్వలు పట్టుకుంది, చెయ్యి చువ్వల దాకానే వచ్చింది. పక్కనున్న కన్నడపామె, పాపం ఎవరినో వెతుక్కుంటున్నాడు అని జాలిగా అంది తన భాషలో. రైలు కదిలింది. కదిలి, అతన్ని దాటుతుండగా అతను తిరిగాడు, చూశాడు. ఒక్క కిటికీ పొడుగంత సేపు. చెయ్యి పైకి లేచింది, ఊపలేదు, అట్లా లేచి నిలిచిపోయింది. నోరు కదిలింది. ఏమన్నాడో ఇంజను కూతలో వినబడలేదు. రెండేళ్లుగా ఆమె తనకు తాను చెప్పుకుంటూనే ఉంది, పేరు అనకూడదు కనుక పిలవలేకపోయానని. అదే నిజమా, లేక పిలిస్తే దిగమంటాడేమోనని భయపడిందా? ఈ బెంచీ మీద కూడా తేలడం లేదు. అతను ఏమన్నాడో అడగడానికి ఇంక మనిషి లేడు. జాగ్రత్త అన్నాడో, ఎప్పుడొస్తవు అన్నాడో, దిగు అన్నాడో.

కలం సిరా వేలికి అంటింది. మూడో గడి. ఒక మనిషి పోతే ఆ మనిషికి ఎవరో ఒకరు ఏదో ఒకటి కావాలి కదా. దోమలో తల్లి ఉంది, ఆమె ఏడ్చింది. అన్న దినాలకు పోయాడు. తను ఏం చేసింది, కాదు అని చెప్పి పడుకుంది. ఆలోచిస్తే చెయ్యి మళ్లీ ఆగుతుందని ఆలోచించకుండా మూడో గడిలో గీత పెట్టింది. లేచి, ఫారం తీసుకుపోయి అద్దం కింది సందులోంచి తోసింది. అతను పైనుంచి వేలు పెట్టి చదువుకుంటూ వచ్చాడు, వేలు ఆగింది. తల ఎత్తాడు.

"క్షమించండి. నాకు తెలియదు. ఎప్పుడు?"

"మూడు వారాలైంది. నిన్న ఉత్తరం వచ్చింది."

"నిన్నా?" కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. పక్కనున్న గుమాస్తాకు వినబడకుండా గొంతు తగ్గించాడు. "ఇంత చిన్న వయసులో. నిజంగా చాలా విచారంగా ఉంది." ఈ రోజున ఆ మాట అన్న మొదటి మనిషి. అతను కాగితాలన్నీ మళ్లీ ముందు పరుచుకున్నాడు. పాస్‌పోర్టు, మేట్రన్ ఉత్తరం, చెక్కు. ఒక్కో దానిమీదా వేలు పెట్టాడు. "ఇందులో మిస్ అని ఉంది. ఇందులోనూ మిస్ అనే. చెక్కు మీద కూడా. మీరు మిసెస్ అయితే... మీ భర్తగారి పేరేమిటి?"

నోరు తెరిచింది. ఎదురుగా అతను కలం పట్టుకుని ఓపిగ్గా చూస్తున్నాడు. తరగడానికి ఇంక ఆయుష్షు ఏముంది?

"అంజిలయ్య," అంది.

తన గొంతులో ఆ పేరు ఎలా ఉంటుందో తనకే తెలియదు. కొత్తగా, పొట్టిగా, ఎవరో పక్కవాళ్ల పేరులా ఉంది.

"ఎలా రాస్తారు దాన్ని?"

ఇంగ్లీషులో ఆ పేరు ఎవరూ ఎప్పుడూ రాసి ఉండరు. ఒక్కో అక్షరం అప్పటికప్పుడు ఏరుకుంటూ చెప్పింది. అతను ఫారం అంచున ఒక్కో అక్షరం రాశాడు, రాసి, చదవబోయి, మధ్యలో తప్పాడు. "పెళ్లి సర్టిఫికెట్ ఉందా?" లేదు. "చర్చి పుస్తకంలో నమోదై ఉంటుందేమో?" గొర్ల దొడ్డి అన్న మాట ఇంగ్లీషులో చెప్పడం వచ్చు, చెప్పలేదు. మా ఊళ్లో అయింది, కాగితాలు రాయరు అంది. "పోనీ, మరణ ధ్రువపత్రం? పనిచేసే చోట పోయారంటే అక్కడివాళ్లు ఏదో రాసి ఉంటారు." ఏం రాసి ఉంటారు? ఏ పుస్తకంలో? గనిలో దినకూలీ. రోజూ పొద్దున తలలు లెక్కపెట్టుకుంటారు, ఆ మర్నాడు ఒక తల తక్కువ లెక్కపెట్టి ఉంటారు. తెలియదు అంది. రాయించి పంపమంటే ఎన్నాళ్లు పడుతుందన్నాడు. నెలలు అంది. నిజానికి ఎన్నటికీ రాదు. అతను పుట్టాడనీ, పెళ్లాడాడనీ, పోయాడనీ చెప్పే కాగితం ముక్క భూమ్మీద ఎక్కడా లేదు, ఈ ఫారం అంచున ఇప్పుడు పడిన ఆ అక్షరాలు తప్ప.

గుమాస్తా కణతలు రుద్దుకున్నాడు. "ఇలా ఉంటే నేను మీ మేట్రన్‌కు రాయాలి, లండన్ సంఘానికీ రాయాలి, పేరెందుకు తేడాగా ఉందని. జవాబొచ్చే దాకా చెక్కు ఇక్కడే ఉంటుంది. నిబంధన అంతే, నా చేతిలో లేదు."

"ఫీజుకు రేపు ఆఖరు," అంది. అంతకంటే ఏం చెప్పాలో తెలియలేదు. సంఘానికి ఉత్తరం పోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు, అతనికి కూడా అర్థమైనట్టే ఉంది. కాసేపు ఆమె ముఖం చూశాడు, కోటు అంచు కింద కనబడుతున్న తడిసిన చీర కుచ్చిళ్లు చూశాడు. లేచి వెళ్లి మేనేజర్ గది తలుపు తట్టాడు. లోపల మాటలు వినబడలేదు. తిరిగొచ్చినప్పుడు చేతిలో కొత్త ఫారం ఉంది. పాతదానిలోని పేరు, తేదీ, చిరునామా అన్నీ తనే చకచకా దించేసి, ఆ ఒక్క వరస వదిలేసి, ఇటు తిప్పాడు.

"పొరపాటున వేరే గడిలో గీత పెట్టారని చెప్పాను. కొత్త దేశం, కొత్త ఫారం. ఎవరికైనా జరుగుతుంది." ఆమె వంక చూడకుండా అన్నాడు. "ఇది చించేస్తాను, మీరు సరేనంటే."

సరేనండీ అనాలి. కాదు, ఆ కాగితం నాకివ్వండి అనాలి, అందులో ఆ పేరుంది. రెండూ అనలేదు. తల ఊపింది, ఎటు ఊపిందో తనకే తెలియదు. అతను సరే అన్నట్టే తీసుకున్నాడు. మధ్యకు చించాడు, మళ్లీ మధ్యకు చించి, బల్ల కింద బుట్టలో వేశాడు. మెల్లగానే చించాడు, చప్పుడు కాకుండా. ఆమె కలం తీసుకుని మొదటి గడిలో గీత పెట్టింది. కింద సంతకం చేసింది. అక్షరాలు యోబు సారు నేర్పినట్టు గుండ్రంగా, వరుసగా వచ్చాయి. అద్దుడు కాగితం పడింది. ముద్ర పడింది. ఒకటి, రెండు, మూడు.

మేనేజర్ స్వయంగా బయటికొచ్చాడు. ఎర్రటి ముఖం, పెద్ద చెయ్యి. భారతదేశం నుంచి మాకు మీరే మొదటి ఖాతాదారు అని చెయ్యి కలిపి, పుస్తకం చేతికిచ్చాడు. ఇంకేమైనా సందేహాలున్నాయా అన్నాడు. వెళ్లిపోవచ్చు. వెళ్లకుండా నిలబడింది.

"ఆ గడి," అంది. "తర్వాత, కాగితం దొరికితే, మార్చుకోవచ్చా?"

"ఏ గడి?" ఫారం వంగి చూశాడు, చూసి పెద్దగా నవ్వాడు. "ఓ, తప్పకుండా! ఆ అదృష్టవంతుడు దొరికిన రోజున సర్టిఫికెట్ పట్టుకుని రండి, అరగంటలో పేరు మార్చేస్తాం. ముందుగానే నా శుభాకాంక్షలు."

అద్దం వెనక గుమాస్తా తల ఎత్తలేదు. ఏదో లెక్క మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయాడు. థాంక్యూ అంది బుగ్గమ్మ. అని, నవ్వింది కూడా, ఎదుటివాళ్లు శుభాకాంక్షలు చెప్పినప్పుడు నవ్వాలని ఈ దేశం వచ్చిన కొత్తలోనే నేర్చుకుంది. పుస్తకం సంచిలో పెట్టుకుంది, తలుపు తోసుకుని బయటికొచ్చింది. వాన తగ్గలేదు. బస్సులో చోటు దొరక్క కమ్మీ పట్టుకుని నిలబడే పోయింది. రెండింటికి ఐదు నిమిషాల ముందు వార్డులో ఉంది. కోటు మేకుకు తగిలించి, చీర మార్చి యూనిఫాం వేసుకుని, టోపీ పెట్టుకుని, పిన్నులు గుచ్చుకుంటుంటే సిస్టర్ వచ్చి, వెళ్లిన పని అయిందా అని అడిగింది.

అయిపోయింది సిస్టర్ అంది.